బండారు పెట్టిన చెయ్యి

ఆ ఎండాకాలం తర్వాత డోలు చప్పుడు వినబడితే చాలు, తింటున్న ముద్దలో వెంట్రుక తగిలినట్టు ఉంటుంది నాకు. డోలు తప్పేమీ లేదు. మా నాయిన డోలు వాయిస్తే గుక్కపట్టిన పిల్లలు నిద్రపోయేవాళ్లు, నిద్రపోయే పటేళ్లు లేచి కూర్చునేవాళ్లు. మేం కురుమలం. డోలు కొట్టి, మల్లన్న గాథ పాడి చెప్పే ఒగ్గు కథ మా ఇంటి విద్య. నాకు గొంతు రాలేదు, గొర్రెలు వచ్చాయి. గొంతంతా మా తమ్ముడు బీరయ్యకే పోయింది.

సారా దుకాణాలు మూయించాలని ఊరూరా ఆడవాళ్లు లేచిన ఏడు అది. రామన్నపేటకు ఇవతల మా ఊళ్లో ఎండ ఎట్లా కాసిందంటే, కోళ్లు ఉడికిన గుడ్లే పెట్టాయి. పెంకు తీసి ఉప్పు అద్దుకోవడమే మా పని. నమ్మకపోతే నా భార్య హనుమమ్మను అడగండి. నా అబద్ధాలకు ఆమె ఎన్నడూ అడ్డం రాలేదు. నిజాలకే వచ్చేది.

మధ్యాహ్నమైతే గొర్రెలను తుమ్మల నీడకు తోలి, నేను దర్జీ లియాఖత్ అలీ అరుగు మీద చేరేవాణ్ణి. ఆ ఏడు అక్కడో కొత్త ఆట వచ్చింది. లియాఖత్ బావమరిది మక్సూద్ దుబాయిలో ఒక దొర ఇంట్లో డ్రైవరు. దొర పిల్లలు ఆడి విసుగెత్తి పారేసిన అట్టపెట్టె ఒకటి ఖర్జూరపండ్లతో పాటు తెచ్చాడు. అందులో ఇంగ్లీషు పుస్తకాలు, రకరకాల పాచికలు. ఒక పాచికకైతే ఇరవై మొహాలు, మా ఊరి రాజకీయనాయకుడి మాదిరి. లియాఖత్ కూతురు తాహేరా భువనగిరిలో డిగ్రీ చదువుతోంది. సెలవుల్లో ఆ పుస్తకాలు ముందేసుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఆట గుట్టు విప్పింది.

గళ్లు లేవు, కాయలు లేవు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక మనిషిని తయారుచేసుకుని ఆ కథలోకి దించుతారు. మనవాడేం చేస్తాడో మనం చెప్పాలి. చెప్పింది జరిగిందో లేదో పాచిక చెబుతుంది. అంటే అబద్ధమాడి పాచిక వేస్తే అది నిజమైపోతుంది! ఇంతకాలం ఈ ఆట లేకుండా నేనెట్లా బతికానో అనిపించింది.

"నీ మనిషి ఎవ్వలు, మారయ్య మామా?" అని అడిగింది తాహేరా.

"ఎవ్వలెవ్వలున్నరు బిడ్డా?"

"కత్తి వట్టేటోడున్నడు. మంత్రగాడున్నడు. దొంగ ఉన్నడు. బార్డ్ అని ఇంకొకడున్నడు. పాటలు వాడుకుంట, కథలు చెప్పుకుంట ఊర్లు తిరుగుతడు."

"ఓసి నీ, మా ఒగ్గాయన! గాన్నే రాయి."

మిషను తొక్కుతున్న లియాఖత్ నోట్లో దారం తీసి, "నీకేం గొంతున్నదని మారన్నా? నువ్వు పిలిస్తె నీ గొర్లే పక్క మందల కలుస్తయి," అన్నాడు.

"నా గొంతుతోని పాడితే గదా! పాచికతోని పాడిస్త."

పాచికలు వేసి అంకెలు తీశాం. బలానికొకటి, చురుకుదనానికొకటి, ఒంటి గట్టితనానికొకటి, తెలివికొకటి, జనాన్ని మెప్పించే గుణానికొకటి. ఏ అంకెను ఎక్కడ పెట్టుకోవాలో నా ఇష్టం. పాటగాడికి అన్నిటికన్న పెద్ద అంకె జనాన్ని మెప్పించే గుణంలో ఉండాలన్నది తాహేరా. నేను దాన్ని పట్టుకుపోయి బలంలో పెట్టాను.

"జనం మెచ్చకుంటె పాటెవ్వలింటరు మామా?"

"ఇననోని వీపు మీద రెండేస్తడు. అప్పుడింటరు."

ఇనుప అంగీ అడిగాను. అది తొడిగితే వాడికొచ్చిన మంత్రాలు పలకవని చెప్పింది. మంత్రాలు పోతే పోనీ, మా నాయినకు మాత్రం ఏ మంత్రమొచ్చు, తొడగమన్నాను. ఇట్లా పాటలోంచి ఇంత, మంత్రంలోంచి ఇంత కోసి కండలకు అతికిస్తుంటే, అప్పటిదాకా స్తంభానికానుకుని నవ్వుతున్న బీరయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

బీరయ్య కట్టె తిప్పితే చూడాలి. పీర్ల పండుగకు లియాఖత్ తమ్ముడు మెహమూద్‌తో కలిసి చిన్నప్పటినుంచీ నేర్చిన కట్టెసాము. కట్టె కనపడదు, గాలే కనపడుతుంది.

"కత్తి ఒద్దన్నా," అన్నాడు. "కత్తి ఒక్కదిక్కే కోస్తది. కట్టెకు రెండు కొసలు. పొడుగు కట్టె రాయమను. మొదటి దెబ్బ మోకాలికి చెప్పు. మోకాలు పోయినంక ఎంత పెద్ద రాక్షసుడైనా మన ఎత్తుకే వస్తడు."

రాయించాను. వాడికి గజ్జెల మల్లడని పేరు పెట్టాను. అప్పుడు తాహేరా పుస్తకం తిప్పి, "మీరంత ఇది ఇడిసిపెడుతున్నరు," అన్నది. "పాటగాని అసలు బలం కట్టెల లేదు. ఆడు ఎన్క నిలవడి పాడుతాంటె, ముందర కొట్లాడేటోళ్ల దెబ్బకు బలమెక్కుతది. పాడినంతసేపు ఆడు ఎవ్వల్ని కొట్టొద్దు. కొడితే పాట ఆగుతది."

"థూ!" అన్నాను. "మంది తన్నుకు సస్తాంటె ఎన్క నిలవడి రాగం తీసుడా? గదేం మగతనం?"

"పుస్తకం రాసినోడు డోలు మోసి ఉండడన్నా," అని బీరయ్య నవ్వాడు.

వాళ్లకు మా నాయిన పులి కథ చెప్పాను. యాదగిరిగుట్టకు పోయే దారిలో పులి ఎదురైతే, నాయిన దరువు తప్పకుండా రెండు చరణాల నడుమ డోలు పుల్లతో దాని ముక్కు మీద ఒక్కటేశాడు. పులి కథ అయిపోయేదాకా కూర్చుని, చివర్లో మంగళహారతికి తోక ఊపి పోయింది. మీకూ నమ్మకం లేదు కదూ. తాహేరాకూ లేదు. కానీ పాచిక నా వైపే పడింది. భువనగిరి గుట్ట కింద సొరంగముందని, అందులో రాక్షసులున్నారని ఆమె కథ అల్లింది. గజ్జెల మల్లడు ఆ సొరంగంలో విరగ్గొట్టని మోకాలు లేదు. కొన్నాళ్లు నాకు నిద్రలో కూడా నవ్వొచ్చేది.

ఆ తర్వాత బీరయ్య అరుగు మీదికి రావడం మానేశాడు.

ఆట ఆడేది మేమొక్కళ్లమే కాదని తర్వాత తెలిసింది. సారా కంట్రాక్టరూ ఒక మనిషిని తయారుచేసుకుంటున్నాడు. పక్క ఊళ్లో వాడి మనుషులు ఆడవాళ్ల మీద చెయ్యి చేసుకుంటే పేపర్లో పడింది. ఉత్త కట్టె పట్టేవాళ్లతో పని కాదని వాడికి అర్థమైంది. పాడితే జనం మూగాలి, మూగినవాళ్లు తాగాలి, అడ్డమొచ్చినవాళ్లు బెదరాలి. ఈ మూడూ ఒకే ఒంట్లో ఉన్నవాడు మా చుట్టుపక్కల ఒక్కడే.

ఒక సాయంత్రం బీరయ్య ఇంటికొచ్చాడు. ఒంటిమీద ఎర్ర పట్టు అంగీ, నెత్తిన జరీ తలపాగా, చేతిలో రెండు కొసలకూ ఇత్తడి పొన్నులేసిన కట్టె, భుజాన కొత్త డోలు. నోట్లో పాను. వాకిట్లో నిలబడి మా మట్టిగోడ మీద ఎర్రగా ఉమ్మాడు. హనుమమ్మ పొద్దున్నే అలికిన గోడ అది. ఉమ్మి కిందికి జారుతుంటే చూస్తూ నిలబడ్డాను. పురుగు పాకినట్టుంది.

"గియ్యన్ని ఎవ్వలిచ్చిండ్రు బిడ్డా?" అన్నది హనుమమ్మ. మా అమ్మ పోయేనాటికి వాడు చంకదిగని పిల్లగాడు. ఈమె కొత్త కోడలు. మాకు పిల్లలు పుట్టలేదు. వాడే ఆమె కొడుకు.

"కంట్రాక్టరు సాబిచ్చిండు వదినా. దుకాణం కాడ రోజు కథ చెప్పాలె."

"కథకు కట్టెందుకురా?"

"ఎవ్వలన్న మీదికొస్తే?"

"వచ్చేది నేనే. వచ్చే అంగడినాడు మేం ఆడోళ్లమంత దుకాణం ముంగట కూసుంటున్నం. నన్ను కొడ్తవా?"

వాడు చప్పున వంగి ఆమె కాళ్లు పట్టుకున్నాడు. "నిన్ను కొడ్తనా వదినా? నా చెయ్యి ఇరిగిపోదా?"

"మరి ఎవ్వల్ని కొడ్తవురా? నర్సింగమ్మనా?" అన్నాను నేను. "ఆమె నోరు తెరిస్తె కంట్రాక్టరు మీసాలే రాలుతయి. నీ కట్టె ఎంత?"

వాడు నవ్వలేదు. అంతకుముందు నా మాటకు వాడు నవ్వని రోజు లేదు. లేచి, అంగీకి అంటిన దుమ్ము జాగ్రత్తగా దులుపుకుని పోయాడు. వాడు పోయినా వాడి ఒంటి సారా వాసన చాలాసేపు వాకిట్లో ఉండిపోయింది, అరిగీ అరగని తిండి బయటికొచ్చినప్పటి పులిసిన వాసన.

మర్నాడు ఆడవాళ్లు మా పందిట్లో కూడారు. ఊరికి పెద్దనోరు నర్సింగమ్మ, మొగుణ్ని సారాకు పోగొట్టుకున్న సైదమ్మ, లియాఖత్ భార్య జాహేదా, ఇంకా చాలామంది. అందరికీ బీరయ్య కట్టె భయమే. ఊరవతలినుంచి వచ్చే మనుషులను ఎదుర్కోవచ్చు గానీ వాణ్ణి ఎట్లా? అప్పుడు హనుమమ్మ ఒక ఉపాయం చెప్పింది.

మా ఇంట్లో ఒక కట్టడి ఉంది. ఒగ్గు కథకు ముందు మల్లన్న పేరు మీద అందరి నొసటా పసుపు బండారు పెడతాం. నాయిన మాకు డోలు కంటే ముందు నేర్పింది ఇదే: ఎవరి నొసట బండారు పెట్టావో వాళ్ల మీద చెయ్యెత్తకు. కథ అయిపోయినా బండారు ఆరదు. ఒకసారి నాయినను తిట్టి తన్నిన అప్పులవాడు కూడా బండారు పెట్టించుకున్నవాడేనని, నాయిన దెబ్బలు తిని ఊరుకున్నాడు. ఇది నా కోత కాదు. ఊరంతా చూసింది.

"మొదలు ఆని చేతితోనే మనందరి నొసళ్లకు బండారు పెట్టించుకుందం," అన్నది హనుమమ్మ. "ఆడు ఒద్దనలేడు, ఒగ్గోడు ఒద్దనొద్దు. పెట్టినంక కట్టె ఎట్ల ఎత్తుతడు?"

"నాకు గూడ పెట్టమను," అన్నది జాహేదా. "మీరు పీర్లకు మొక్కంగ లేనిది, నేను మల్లన్నకు నొసలు సూపిస్తె ఏం పోతది?"

సైదమ్మ కండ్లొత్తుకుంది. నర్సింగమ్మ హనుమమ్మ వీపు చరిచింది. నాకైతే ఛాతీ నిండిపోయింది. వాడు ఆ నొసళ్లను చూస్తే కట్టె కింద పెడతాడు. కట్టె కింద పెడితే కంట్రాక్టరు వాణ్ణి తరిమేస్తాడు. తరిమేస్తే ఇంటికొస్తాడు. నా తమ్ముడు నాకు దక్కుతాడు. అదొక్కటే నాకు కావాల్సింది. సారా సంగతి, అబద్ధమెందుకు, ఆ తర్వాతే.

అంగడినాడు పొద్దు నడినెత్తికొచ్చేసరికి ఆడవాళ్లు పోయి దుకాణం ముందు కూర్చున్నారు. ఆ జాగా గురించి చెప్పాలంటే నోరు కడుక్కోవాలి. చించి పారేసిన సారా ప్యాకెట్లు నేలకతుక్కుని, నడిస్తే అరికాళ్లకు జిగురుగా అంటుకునేవి. గోడవారన పొద్దున తాగినవాడొకడు తన కక్కులోనే చెంప పెట్టి పడుకున్నాడు. వాడి మూతి మీద ఈగలు. ఆ ఈగలే లేచి అమ్మకానికి పెట్టిన ఉడకబెట్టిన శనగల మీద వాలుతున్నాయి. కంట్రాక్టరు తాటిపత్రి పరదా నీడలో కుర్చీ వేసుకుని, చిటికెనవేలి గోరుతో పళ్లు కుట్టుకుంటున్నాడు. వాడి వెనక ఊరుకాని ఊరివాళ్లు నలుగురు, కట్టెలతో. వాళ్ల పక్కన మా బీరయ్య.

నేను, లియాఖత్ ఎదురుగా చెప్పుల దుకాణం పరదా కింద నిలబడ్డాం.

హనుమమ్మ లేచి ముందుకు పోయింది. "బీరయ్యా, మల్లన్న పేరు మీద మాకు బండారు పెట్టు," అన్నది, అంగడంతా వినేటట్టు.

అంగడి ఆగిపోయింది. బీరయ్య కంట్రాక్టరు వైపు చూడలేదు. కట్టె గోడకానించాడు. నడుముకున్న బండారు సంచి ముడి విప్పాడు. హనుమమ్మ నొసట పెట్టాడు. నర్సింగమ్మకు పెట్టాడు. సైదమ్మ తల ఎత్తితే గడ్డం పట్టుకుని పెట్టాడు. జాహేదా ముసుగు కొంచెం వెనక్కి జరుపుకుంటే ఆమెకూ పెట్టాడు. వరసగా ఒక్కరినీ విడిచిపెట్టలేదు. ఎండలో ఆ నొసళ్లన్నీ తంగేడు పూసినట్టున్నాయి.

"చూస్తివా లియాఖత్ భాయ్? మా నాయిన పెంపకం!" అన్నాను.

బీరయ్య వేళ్లు తుడుచుకున్నాడు. కట్టె జోలికి పోలేదు. డోలు మెడకేసుకున్నాడు. ఇక వాయించుకుంటూ ఇంటి తోవ పడతాడనుకున్నాను. వాడు నాలుగడుగులు వెనక్కి వేసి, గోడకు వీపానించి, కండ్లు మూసుకుని దరువెత్తాడు. మల్లన్న యుద్ధానికి పోయేటప్పటి దరువు.

ఆ నలుగురూ ముందుకొచ్చారు.

మొదటి కట్టె నర్సింగమ్మ మోకాలి మీద పడింది. మోకాళ్లు చూసి కొట్టమని ఆ నలుగురికీ ఎవరు నేర్పారో నాకు తెలుసు. దరువు పెరిగింది. దరువుతో పాటు చేతులూ పెరిగాయి. నేను, లియాఖత్ పరుగెత్తి ఆడవాళ్ల మీద అడ్డంపడ్డాం. నా వీపు మీద రెండో మూడో పడ్డాయి. అవి కూడా తాళంలోనే పడ్డాయి. ఆడవాళ్ల ఏడుపులు దూరానికి వినపడలేదు, పాట కింద మునిగిపోయాయి. అంగడి ఆ కొసనున్నవాళ్లు కథ మొదలైందనుకుని ఇటు నడిచొస్తున్నారు.

వాడి గొంతు ఆనాడు పలికినట్టు ఎన్నడూ పలకలేదు. అదీ రోత. గొంతు బొంగురుపోయి ఉంటే, ఒక్క మాట తడబడి ఉంటే, ఇన్నేళ్లలో ఎన్నడో ఒకనాడు క్షమించేవాణ్ణేమో. మా నాయినకన్న బాగా పాడాడు.

దెబ్బలు తిన్నవాళ్లను టెంపోలో రామన్నపేట దవాఖానకు చేర్చాం. నర్సింగమ్మ మళ్లీ తిన్నగా నడవలేదు. హనుమమ్మ నొసలు చీలి కుట్లు పడ్డాయి. కుట్టేముందు నర్సు నెత్తురుతో కలిసిన బండారును దూదితో తుడుస్తుంటే, నేను బయటికొచ్చి గోడ పక్కన కక్కుకున్నాను.

పంచాయితీ అయింది. పెద్దమనుషులు చింతచెట్టు కింద కాదు, సొసైటీ గోదాములో కూర్చున్నారు, నీడ బాగుంటుందని. మాట్లాడటానికి నోరు తెరిస్తే సగం నోళ్లలోంచి కంట్రాక్టరు సరుకు వాసనే.

"బీరడు కట్టె వట్టిండా?" అన్నాడొకడు.

"పట్టలే," అన్నారంతా.

"బండారు పెట్టినోళ్ల మీద చెయ్యెత్తిండా?"

"ఎత్తలే."

"మరింకేంది మారయ్యా? నీ తమ్ముడు మీ నాయిన మాట నిలవెట్టిండు. ఆని పాట ఆడు పాడిండు, ఆని పని ఆడు చేసిండు."

బీరయ్య పెండ్లికొడుకులా తలొంచుకుని కూర్చున్నాడు.

తిరిగొస్తుంటే అరుగు మీద తాహేరా పిలిచింది. వాళ్లమ్మ ముంజేయి విరిగి లోపల పడుకుంది. ఆ పిల్ల అట్టపెట్టె ముందు పెట్టుకుని కూర్చుంది గానీ పాచికలు బయటికి తీయలేదు.

"మామా, గజ్జెల మల్లడు సొరంగంల నిలవడి ఉన్నడు. ఏం చేద్దం?"

"సంపెయ్యి బిడ్డా."

"పాచిక ఎయ్యకుంటనే?"

"ఎయ్యకుంటనే."

ఆ పుస్తకంలో పాటగాడి గురించి రాసింది నేనూ విన్నాను, ఆమే చదివింది. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం బీరయ్య తిండికొచ్చాడు. పట్టు అంగీ విప్పి, పాత బనీనుతో, చిన్నప్పటిలా చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. హనుమమ్మ నొసటికి కట్టు. పళ్లెం పెట్టి, అన్నం పెట్టి, పచ్చిపులుసు పోసింది.

"వదినా, నేను దెబ్బేసిన్నా? నువ్వే చెప్పు."

"ఎయ్యలే బిడ్డా. నువ్వెయ్యలే. తిను."

వాడి మొహం విప్పారింది. పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నేను గుంజకానుకుని, వాడి దవడలు ఆడటం చూస్తున్నాను.

"సైదమ్మను కొట్టేటోడు నడుమ చెయ్యి ఆపిండురా," అన్నది హనుమమ్మ, గిన్నె మీద మూత పెడుతూ. "ఆమె ఆని కాళ్లు వట్టుకున్నది. ఆనికి గూడ మనసొప్పలే. కట్టె దించిండు. గప్పుడే నువ్వు దరువు మార్చినవు. మళ్ల ఎత్తిండు. నేను జూసిన."

బీరయ్య నములుతున్నవాడు కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఆ దరువు దగ్గర తనేం వాయించాడో గుర్తు తెచ్చుకుంటున్నట్టు వేళ్లు పళ్లెం అంచు మీద రెండుసార్లు ఆడాయి.

"గాడ మార్చకుంటె కథ సల్లవడుతది గద వదినా," అన్నాడు. తర్వాత పళ్లెం ముందుకు జరిపి, "జర పచ్చిపులుసు పొయ్యి. మంచిగున్నది," అన్నాడు.

పోసింది. గరిటె గిన్నెలో పెట్టి, చేతులు కడుక్కుని, నా పక్కనుంచి వాకిట్లోకి నడిచింది. ప్రహరీ మూలనుంచి ఒక రాయి రెండు చేతులతో ఎత్తుకొచ్చి, వేపచెట్టు నీడన పెట్టింది. ఇంకొకటి తెచ్చింది. ఒంగినప్పుడు కట్టు జారితే సర్దుకుంది.

"ఏందే గిది?" అన్నాను.

"పొయ్యి. లోపలి పొయ్యి ఆన్నే ఉంచుకొమ్మను. ఆ కుండల మెతుకు నాకు ముట్టబుద్ధయితలేదు."

మూడో రాయి నేను తెచ్చి పెట్టాను. లోపల వాడు ఇంకా తింటున్నాడు.